మేడ మీద ఉపగ్రహ టీవీ: మొదటి డిష్ నుంచి రెండో ఉపగ్రహం దాకా

మన ఊళ్లలో చాలామందికి డిష్ అంటే ఎవరో వచ్చి బిగించి వెళ్లిన వస్తువు. దాన్ని సొంత చేత్తో తిప్పి, భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహాన్ని పట్టుకోవడంలో మంచి సరదా ఉంది. ఈ సరదా తలకెక్కినవాళ్లు ఒక ఉపగ్రహంతో ఆగరు. ఇది దొరికింది కాబట్టి పక్కది దొరుకుతుందా అని మళ్లీ మేడ ఎక్కుతారు.

కొత్తవారు ముందుగా పెద్ద డిష్, ఖరీదైన బాక్సు కొంటారు. నేనైతే చివర కొనమంటాను. మొదట రెండడుగుల డిష్‌తో, బలమైన సిగ్నల్ ఇచ్చే ఒక్క ఉపగ్రహంతో దిక్కు పట్టడం నేర్చుకోండి. ఆ పని చేతికి వచ్చాక ఏ డిష్ అయినా మాట వింటుంది. రానంతవరకు ఎంత ఖరీదైన బాక్సు తెచ్చినా తెర నల్లగానే ఉంటుంది.

ఆ మొదటి ఉపగ్రహం మనకు సిద్ధంగా ఉంది. దూరదర్శన్ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్. నెలవారీ చందా లేదు. 2015 నవంబరులో ప్రయోగించిన జీశాట్-15 నుంచి, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం నుంచి వస్తుంది. ఇందులో పెద్దపీట హిందీ చానెళ్లదే. తెలుగులో డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి ఉంటాయి, ఆకాశవాణి కేంద్రాలు ఉంటాయి. తెలుగు సీరియళ్ల కోసం ఇది పెట్టుకుంటే నిరాశే. చేయి తిరగడానికి మాత్రం ఇంతకంటే మంచి గురి లేదు.

ముందు ఆకాశం

టీవీ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు నేరుగా పైన, ఒకే వలయంలో ఉంటాయి. భూమి తిరిగే వేగంతోనే అవీ తిరుగుతాయి కాబట్టి మనకు కదలనట్టు ఉంటాయి. మన మేడ మీద నుంచి ఆ వలయం దక్షిణ ఆకాశంలో ఒక విల్లులా సాగుతుంది. విల్లు నడిమి భాగం సరిగ్గా దక్షిణాన ఉంటుంది. హైదరాబాద్‌లో అది దాదాపు 70 డిగ్రీల ఎత్తున, అంటే నడినెత్తికి కాస్త కిందగా ఉంటుంది. అక్కడి నుంచి తూర్పుకు, పడమరకు వాలుతూ పోతుంది.

ఉపగ్రహం పక్కన రాసే అంకె దాని రేఖాంశం. హైదరాబాద్ రేఖాంశం సుమారు 78.5. అంతకంటే పెద్ద అంకె ఉన్న ఉపగ్రహం మీకు ఆగ్నేయం వైపు ఉంటుంది, చిన్న అంకె ఉన్నది నైరుతి వైపు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం గందరగోళం పోతుంది.

గురి పెట్టడానికి రెండు కోణాలు కావాలి. ఉత్తరం నుంచి కుడివైపుగా కొలిచే దిక్కును అజిముత్ అంటారు, నేల మట్టం నుంచి పైకి కొలిచే ఎత్తును ఎలివేషన్ అంటారు. 93.5 డిగ్రీల ఉపగ్రహానికి హైదరాబాద్‌లో అజిముత్ 138, ఎలివేషన్ 63. విజయవాడలో 141, 66. విశాఖపట్నంలో 149, 66. తిరుపతిలో 133, 67. మీ ఊరి లెక్క డిష్‌పాయింటర్ లాంటి వెబ్‌సైటులో గాని, ఫోను యాప్‌లో గాని ఊరి పేరు ఇస్తే వస్తుంది.

ఎలివేషన్ ఇంత ఎక్కువగా ఉండటం మన అదృష్టం. ఉత్తర ఐరోపాలో ఈ అభిరుచి ఉన్నవారి డిష్‌లు ఆకాశపు అంచును చూస్తాయి, పక్కింటి చెట్టు పెరిగినా వారికి చిక్కే. మనకు అలా కాదు. డిష్ కంటే రెండడుగులు ఎత్తు ఉన్న పిట్టగోడకు ఒకటిన్నర అడుగు ఇవతల పెట్టినా సిగ్నల్ గోడ మీదుగా వచ్చేస్తుంది. చూసుకోవాల్సింది నీళ్ల ట్యాంకు, లిఫ్టు గది, నెత్తి మీదికి వంగిన కొబ్బరి మట్టలు. అవి లేని చోటు ముందు వెతకండి, డిష్ సంగతి తర్వాత.

సామాను

చందా ఆపేసిన డీటీహెచ్ డిష్ మీ మేడ మీదో, చుట్టాల ఇంటి మీదో తప్పకుండా ఉంటుంది. 60 సెంటీమీటర్ల ఆ రేకు డిష్ చాలు. కొత్తది కొనాలన్నా డిష్, బాక్సు, తీగ కలిపి ఫ్రీ డిష్ సెట్టు రెండు వేల రూపాయల లోపే దొరుకుతుంది. పాత డిష్ అంచు వంగిందా, తుప్పు చిల్లులు పడ్డాయా అని మాత్రం చూడండి. చిన్న సొట్ట కూడా సిగ్నల్ ఒకచోట చేరే కేంద్రాన్ని చెదరగొడుతుంది.

డిష్ ముందు కడ్డీకి ఉండే భాగం ఎల్‌ఎన్‌బీ. డిష్ కేవలం అద్దం, సిగ్నల్‌ను అందుకునేది ఇదే. 11 గిగాహెర్ట్జ్ దగ్గర వచ్చే తరంగాలను తీగలో ప్రయాణించగల తక్కువ పౌనఃపున్యానికి దించి బాక్సుకు పంపుతుంది. యూనివర్సల్ రకం అడగండి, దాని మీద 9750, 10600 అనే అంకెలు ఉంటాయి. కొత్తది తీసుకున్నా ఖర్చు స్వల్పమే కాబట్టి ఎండకు పగుళ్లిచ్చిన పాతదానితో కుస్తీ పట్టవద్దు.

తీగ ఆర్‌జీ-6 ఉండాలి. పాత కేబుల్ టీవీ సన్న తీగ వాడితే ఎల్‌ఎన్‌బీకి వెళ్లే కరెంటు, వచ్చే సిగ్నల్ రెండూ దారిలో తగ్గిపోతాయి. కనెక్టర్ బిగించేటప్పుడు బయటి అల్లిక పోగు ఒక్కటైనా లోపలి రాగి తీగకు తగలకూడదు. ఇంట్లో కనిపించే సమస్యల్లో పెద్ద వాటా ఆ ఒక్క పోగుదే.

బాక్సు విషయంలో ఫ్రీ డిష్ బాక్సుతో మొదలుపెట్టవచ్చు. తర్వాత కూడా పనికి రావాలంటే డీవీబీ-ఎస్2, ఎంపెగ్-4 అనే కొత్త ప్రసార రకాలను అందుకునేది, ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంలో కొన్ని చానెళ్లను కలిపి పంపే ఒక్కో ప్రసార భాగం) వివరాలు చేత్తో నింపనిచ్చేది, బ్లైండ్ స్కాన్ (వివరాలు ఇవ్వకపోయినా సిగ్నళ్లను తానే వెతకడం) ఉన్నది తీసుకోండి. కొన్ని కొత్త టీవీలలో ఉపగ్రహ ట్యూనర్ లోపలే ఉంటుంది. టీవీ వెనుక మరలున్న కేబుల్ సాకెట్ ఉందేమో చూడండి, ఉంటే బాక్సు కొననక్కర్లేదు. తాళం వేసిన చానెళ్లను ఇంటర్నెట్ సాయంతో తెరుస్తామని చెప్పి అమ్మే బాక్సుల జోలికి వెళ్లవద్దు. అది చట్టవిరుద్ధం, పైగా నేర్చుకునేదేమీ ఉండదు.

ఇవి కాక రెండు పానాలు, కొలటేపు, మార్కర్, సుద్దముక్క, దారానికి కట్టిన బరువు, కోణం కొలిచే యాప్ ఉన్న ఫోను కావాలి. సిగ్నల్ తగిలితే కీచుమనే చిన్న శాట్‌ఫైండర్ మీటరు గురించి తర్వాత చెబుతాను. మొదటిరోజు అది లేకపోయినా లోటు లేదు.

గొట్టం నిట్టనిలువుగా

డిష్ నిలబడే గొట్టం అన్ని వైపులా నిలువుగా ఉండాలి. ఒరిగిన గొట్టం మీద డిష్ పక్కకు తిప్పిన ప్రతిసారీ ఎత్తు కూడా మారిపోతుంది, రెండు కోణాలూ ఒకేసారి జారుతాయి. బరువు కట్టిన దారాన్ని రెండు పక్కల నుంచి గొట్టం పక్కన వేలాడదీసి చూడండి.

స్లాబుకు చిల్లులు పొడిస్తే వానాకాలంలో ఇంట్లో కురుస్తుంది. ఇనుప చట్రం మీద సిమెంటు దిమ్మెలు పేర్చి నిలబెట్టడం మేలు. తీరప్రాంతంలో ఉన్నవారు తుపాను హెచ్చరిక రాగానే డిష్ విప్పి కింద పెట్టగలిగేలా నట్లు పెట్టుకోవాలి. గొట్టం మీద గుర్తు గీసి ఉంచుకుంటే మళ్లీ అదే చోట బిగించవచ్చు.

దిక్కు గుర్తించడం

మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ అటూఇటూ మాత్రమే. అందువల్ల దిక్సూచి చూపిన అంకెను సవరించనక్కర్లేదు. దానిని తప్పుదారి పట్టించేది మన మేడే. స్లాబులోని చువ్వలు, ఇనుప రెయిలింగు, చివరికి డిష్ గొట్టం కూడా సూదిని లాగుతాయి. ఫోనులోని దిక్సూచి మరీ ఘోరం, నాలుగడుగులు పక్కకు జరిగితే మరో దిక్కు చెబుతుంది.

సూర్యుణ్ణి నమ్ముకోవడం మంచిది. ఏ సమయానికి సూర్యుడి అజిముత్ 138 అవుతుందో ఫోను యాప్ చెబుతుంది. హైదరాబాద్‌లో డిసెంబరు మూడో వారంలో అది ఉదయం పదికి కాస్త ముందు. ఆ నిమిషానికి గొట్టం నిలబెట్టే చోట బరువు కట్టిన దారాన్ని పట్టుకుని, నేల మీద పడిన నీడ వెంట సుద్దతో గీత గీయండి. నీడ వాయవ్యం వైపు పడుతుంది. ఆ గీతనే వెనక్కి, సూర్యుడి వైపు పొడిగిస్తే ఉపగ్రహం దిక్కు. డిష్ కడ్డీ ఆ గీత మీద నిలవాలి.

ఈ పద్ధతికి ఒక చిక్కుంది. మే మధ్య నుంచి జులై చివర వరకు మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపు దాటిపోతాడు, ఆగ్నేయపు కోణానికి రానే రాడు. ఏప్రిల్, ఆగస్టులలో వచ్చినా నీడ మరీ పొట్టిగా ఉంటుంది. అక్టోబరు నుంచి మార్చి వరకు గీత చక్కగా వస్తుంది. వేసవిలో మొదలుపెట్టేవారు ఫోనులో మీ ఇంటి ఉపగ్రహ చిత్రం తెరిచి, 138 డిగ్రీల గీత దూరంలో ఏ సెల్ టవరు మీదుగానో, గుడి గోపురం మీదుగానో పోతుందేమో చూసి దాన్ని గురిగా పెట్టుకోండి.

ఎత్తు, ఎల్‌ఎన్‌బీ మెలిక

రెండడుగుల డిష్‌లు ఆఫ్‌సెట్ రకం. అంటే డిష్ ముఖం చూపే దిక్కుకంటే చాలా పైనుంచి సిగ్నల్ తీసుకుంటుంది. ఆ తేడా సాధారణంగా 20 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంటుంది. కొత్తవారిని బోల్తా కొట్టించే చోటు ఇదే. 63 డిగ్రీలని ముఖాన్ని అంత పైకి ఎత్తితే ఉపగ్రహాన్ని దాటి ఎక్కడో చూస్తుంది. డిష్ వెనుక పట్టీ మీద అంకెలు ఉంటే వాటిని నమ్మండి, అవి ఈ తేడాను లెక్కవేసి ముద్రించినవే. అంకెలు చెరిగిపోతే డిష్ ముఖానికి పై అంచు నుంచి కింది అంచుకు ఒక తిన్నని కర్ర ఆనించి, దాని మీద ఫోను పెట్టండి. తేడా 24 అనుకుంటే హైదరాబాద్‌లో ఆ కర్ర నేలతో సుమారు 51 డిగ్రీలు చూపాలి.

మూడో కోణం స్క్యూ, అంటే ఎల్‌ఎన్‌బీని దాని గుంటలోనే మెలితిప్పడం. ఉపగ్రహం సిగ్నల్‌ను నిలువు, అడ్డం అని రెండు రీతుల్లో పంపుతుంది. ఆగ్నేయంలో ఉన్న ఉపగ్రహాన్ని మనం పక్క నుంచి చూస్తున్నాం కాబట్టి అక్కడి నిలువు ఇక్కడికి ఒరిగి చేరుతుంది. హైదరాబాద్‌లో 93.5కు ఆ ఒరుగు దాదాపు 40 డిగ్రీలు, అంత తేడాను పట్టించుకోకపోతే సిగ్నల్ చచ్చిపోతుంది. డిష్ వెనుక నిలబడి ఆకాశం వైపు చూడండి. ఎల్‌ఎన్‌బీ కేబుల్ మూతి గడియారంలో ఆరు అంకె దగ్గర ఉందనుకుంటే, దాన్ని నాలుగుకూ అయిదుకూ మధ్యకు తీసుకురండి. నైరుతి ఉపగ్రహాలకు ఇదే మెలిక అటువైపు.

బాక్సులో

ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్ పెట్టి, ట్రాన్స్‌పాండర్‌గా 11090, నిలువు, సింబల్ రేటు 29500 ఇవ్వండి. బాక్సు జాబితాలో జీశాట్-15 పేరుతో ఇవి ముందే ఉండవచ్చు. ట్రాన్స్‌పాండర్లు అప్పుడప్పుడు మారుతుంటాయి, అందుకే పని మొదలుపెట్టే రోజు, ఏ ఉపగ్రహంలో ఏ చానెళ్లున్నాయో జాబితా ఇచ్చే లింగ్‌శాట్ వెబ్‌సైటులో 93.5 పేజీ ఒకసారి చూసుకోండి. ఈ అభిరుచికి అదే పంచాంగం.

తెర మీద రెండు పట్టీలు కనిపిస్తాయి. ఒకటి స్ట్రెంత్, రెండోది క్వాలిటీ. స్ట్రెంత్ పట్టీ ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందగానే సగం దాకా లేస్తుంది, డిష్ గోడ వైపు చూస్తున్నా సరే. దాన్ని చూసి సంబరపడి అక్కడే తిప్పుతూ కూర్చుంటే పొద్దు గూకుతుంది. మీరు చూడాల్సింది క్వాలిటీ ఒక్కటే. అది సున్నా నుంచి కదిలిందంటే మీరు చెప్పిన ట్రాన్స్‌పాండరే దొరికినట్టు.

శాట్‌ఫైండర్ మీటరు మీద నాకు పెద్ద గురి లేకపోవడానికి కారణం కూడా ఇదే. అది ఏ ఉపగ్రహమో చెప్పదు, ఏదో ఒకటి తగిలిందని మాత్రం కీచుమంటుంది. 93.5కు ఒకవైపు 91.5లో మీసాట్, మరోవైపు 95లో ఎస్ఈఎస్ ఉపగ్రహాలు ఉన్నాయి. రెండు చోట్ల నుంచీ భారత డీటీహెచ్ సేవలు నడుస్తాయి కాబట్టి ఆ సిగ్నళ్లూ బలంగానే ఉంటాయి. మీటరు మూడింటికీ ఒకేలా అరుస్తుంది. టీవీని మేడ మీదికి తెచ్చుకోండి, లేదా కింద ఒకరిని కూర్చోబెట్టి ఫోనులో క్వాలిటీ అంకె చదివించుకోండి.

తిప్పడం

ఎలివేషన్ నట్లు బిగించి, గొట్టం పట్టీ నట్లు డిష్ కష్టంగా తిరిగేంత మాత్రమే వదులు చేయండి. గీత కంటే పది డిగ్రీలు తూర్పుగా మొదలుపెట్టి పడమరకు నెమ్మదిగా జరపండి.

నెమ్మదిగా అంటే ఎంతో లెక్క చూద్దాం. 60 సెంటీమీటర్ల డిష్ ఈ పౌనఃపున్యంలో చూడగలిగే వెడల్పు దాదాపు మూడు డిగ్రీలు. అరవై మిల్లీమీటర్ల లావు గొట్టం మీద ఒక డిగ్రీ అంటే అర మిల్లీమీటరు జరుగు. మార్కర్ గీత మందం కంటే తక్కువ! అంత కదిపి రెండు సెకన్లు ఆగాలి, ఎందుకంటే డిజిటల్ బాక్సు సిగ్నల్‌ను గుర్తించి పట్టీ లేపడానికి ఆ సమయం తీసుకుంటుంది. ఆగకుండా తిప్పేవారు ఉపగ్రహం మీదుగా చాలాసార్లు వెళ్లిపోతారు, వారికి తెలియదు.

ఒక చుట్టు అయ్యాక ఏమీ రాకపోతే ఎలివేషన్ రెండు డిగ్రీలు పెంచి మళ్లీ అదే దారి. తర్వాత రెండు తగ్గించి. ఒక్కసారికి ఒక్క కోణమే మార్చాలి. రెండూ కలిపి కదిలిస్తే ఏది పని చేసిందో, ఏది చెడగొట్టిందో తేలదు.

క్వాలిటీ కనిపించాక స్కాన్ కొట్టి చానెళ్ల పేర్లు చూడండి. దూరదర్శన్ పేర్లు వస్తే చోటు సరైనదే. అప్పుడు సిగ్నల్ పడిపోయేదాకా తూర్పుకు జరిపి గుర్తు గీయండి, పడిపోయేదాకా పడమరకు జరిపి గుర్తు గీయండి, రెండింటి మధ్యలో నిలపండి. ఎలివేషన్‌కూ అలాగే. చివరగా ఎల్‌ఎన్‌బీ మెలిక. నట్లు బిగించేటప్పుడు ఒకేదాన్ని గట్టిగా తిప్పితే డిష్ జారుతుంది, అందుకే ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించండి. బిగింపు అయ్యాక క్వాలిటీ మళ్లీ చూడండి, రెండు అంకెలు తగ్గి ఉంటే అది నట్ల పనే. ఎండలో వచ్చిన బొమ్మతో సరిపెట్టుకోవద్దు. కేయూ బ్యాండ్ (మనం ఇప్పుడు పట్టుకున్న 11 గిగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలు) వానకు లొంగుతుంది కాబట్టి శ్రావణంలో ఆ రెండు అంకెలే తేడా చూపిస్తాయి.

కనెక్టర్ మీద రబ్బరు టేపు చుట్టి, తీగను ఎల్‌ఎన్‌బీ కింద ఒక వంపు వేలాడనివ్వండి. వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది, లేకపోతే తీగ వెంట ఇంట్లోకి దిగుతుంది.

రాకపోతే

స్ట్రెంత్ కూడా సున్నా అయితే లోపం దిక్కుది కాదు, తీగది. బాక్సు ఆపి రెండు కనెక్టర్లూ విప్పి ఆ అల్లిక పోగు కోసం చూడండి. కొన్ని చానెళ్లు వచ్చి కొన్ని రాకపోతే వోల్టేజీ అనుమానించండి. నిలువు సిగ్నల్ కోసం బాక్సు 13 వోల్టులు, అడ్డం కోసం 18 వోల్టులు పంపుతుంది. తుప్పు పట్టిన తీగలో 18 చేరేసరికి తగ్గిపోయి, ఎల్‌ఎన్‌బీ ఇంకా నిలువులోనే ఉండిపోతుంది. ఏటా మార్చి రెండో వారంలోనూ, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకానూ పగటిపూట కొన్ని నిమిషాలు బొమ్మ పోతే డిష్ ముట్టుకోవద్దు. అప్పుడు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, ఆ రేడియో రొదలో సిగ్నల్ మునిగిపోతుంది. కొద్ది రోజుల్లో అదే సర్దుకుంటుంది.

సీ బ్యాండ్

అసలు రుచి ఇక్కడ మొదలవుతుంది. 3.7 నుంచి 4.2 గిగాహెర్ట్జ్ మధ్య నడిచే సీ బ్యాండ్‌లో టీవీ సంస్థలు కేబుల్ ఆపరేటర్లకు తమ చానెళ్లు పంపుతాయి. వాటిలో తాళం లేనివి ఎవరైనా చూడవచ్చు. వార్తా చానెళ్లు, భక్తి చానెళ్లు చాలావరకు అలాంటివే. వానకు ఇది పెద్దగా బెదరదు.

పెద్ద డిష్ మన పల్లెలకు కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా నడిచిన సైట్ అనే విద్యా టీవీ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలలో కోళ్ల జాలీతో చేసిన పదడుగుల డిష్‌లు నిలబెట్టారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇళ్లలో టీవీ లేని రోజుల్లో పల్లె జనం ఉపగ్రహ కార్యక్రమాలు చూశారు.

ఇప్పుడు ఆరడుగుల డిష్ చాలు, ఎనిమిదడుగులది దొరికితే ఇంకా మంచిది. కేబుల్ ఆపరేటర్ల దగ్గర, పాత ఇనుప సామాన్ల కొట్లలో వాడినవి దొరుకుతాయి. కొనే ముందు రెండు దారాలు పట్టుకెళ్లండి. డిష్ ముఖం మీద అంచు నుంచి అంచుకు ప్లస్ గుర్తులా గట్టిగా లాగి కట్టండి. రెండు దారాలూ మధ్యలో ఒకదాన్నొకటి కేవలం తాకాలి. మధ్య ఖాళీ ఉన్నా, ఒకటి మరోదాన్ని నొక్కినా డిష్ మెలి తిరిగి ఉన్నట్టే. బేరమాడకుండా వదిలేయండి.

ఆ దారాలు ఉన్నప్పుడే లోతు కూడా కొలవండి. ఈ డిష్‌ల ఎల్‌ఎన్‌బీ నడిమధ్యన, కేంద్రం దగ్గర ఉంటుంది. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, లోతుకు పదహారు రెట్లతో భాగిస్తే డిష్ అడుగు నుంచి ఆ కేంద్రానికి ఉన్న దూరం వస్తుంది. 180 సెంటీమీటర్ల వ్యాసం, 30 సెంటీమీటర్ల లోతు ఉంటే 32,400ను 480తో భాగించాలి, వచ్చేది 67.5 సెంటీమీటర్లు. దాన్ని మళ్లీ వ్యాసంతో భాగిస్తే సుమారు 0.38. ఎల్‌ఎన్‌బీ చుట్టూ ఉండే వలయాల పళ్లెం మీద ఇవే అంకెలు చెక్కి ఉంటాయి, ఆ గీత దగ్గర బిగించండి. పాత డిష్‌లకు కాళ్లు మార్చేసి ఉంటారు కాబట్టి కొలవకుండా ఊహించవద్దు.

ఈ డిష్‌కు ఆఫ్‌సెట్ తేడా లేదు, ముఖం చూసిన వైపే చూపు. హైదరాబాద్‌లో 93.5కు గురిపెడితే ముఖం మీద ఆనించిన కర్ర నేలతో 27 డిగ్రీలే ఉంటుంది. దాదాపు వెల్లకిలా పడుకున్నట్టు. అందువల్ల రేకు డిష్ కింది అంచు దగ్గర వాన నీరు నిలిచి, ఆకులు కుళ్లుతాయి. నీరు నిలిచే చోట ఒక చిన్న చిల్లు పెట్టండి, లేదా జాలీ డిష్ తీసుకోండి. తీరంలో ఉన్నవారికి గాలి దాటిపోయే జాలీయే సరైనది. సీ బ్యాండ్ తరంగం ఏడున్నర సెంటీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి సన్నని జాలీ దానికి రేకుతో సమానం. కేయూ బ్యాండ్‌కు మాత్రం పనికిరాదు.

సీ బ్యాండ్ ఎల్‌ఎన్‌బీకి బాక్సులో ఎల్‌ఎన్‌బీ పౌనఃపున్యం దగ్గర 5150 అని పెట్టాలి. ఇంకో మాట, 2022 వేలంలో 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్ దాకా 5జీకి ఇచ్చారు. పక్కనే ఉన్న టవరు హోరుకు సాధారణ ఎల్‌ఎన్‌బీ ఉక్కిరిబిక్కిరై, సరిగ్గా గురిపెట్టినా క్వాలిటీ లేవదు. పట్టణాల్లో ఉన్నవారు 3.7 నుంచి 4.2 మాత్రమే లోనికి రానిచ్చే ఫిల్టరు ఉన్న ఎల్‌ఎన్‌బీ అడిగి కొనండి.

మొదటి గురి మళ్లీ 93.5 అయితే మంచిది. 2017లో వెళ్లిన జీశాట్-17 అక్కడే ఉంది, దాని సీ బ్యాండ్‌లో దూరదర్శన్ చానెళ్లు ఉన్నాయి. చిన్న డిష్ ఇప్పటికే ఆ దిక్కు చూపిస్తోంది కాబట్టి పెద్దదాన్ని దానికి సమాంతరంగా నిలబెడితే సగం పని అయినట్టే. ఈ పరిమాణానికి కూడా చూపు వెడల్పు మూడు డిగ్రీలే, అంటే పైన చెప్పిన నిదానమే ఇక్కడా.

రెండో ఉపగ్రహం

అక్కడి నుంచి పడమరకు జరగండి. 83 డిగ్రీలలో 2020 జనవరిలో వెళ్లిన జీశాట్-30 ఉంది. హైదరాబాద్‌లో అజిముత్ 165, ఎలివేషన్ 69. దేశంలోని చానెళ్లు దీని మీద చాలా ఉన్నాయి, ఉచితమైనవీ తాళం వేసినవీ కలగలిసి. నైరుతి వైపు 68.5లో ఇంటెల్‌శాట్-20, 66లో ఇంటెల్‌శాట్-17 ఉన్నాయి. మొదటిదానికి 210, 66.5. రెండోదానికి 217, 65. ఇక్కడ బ్లైండ్ స్కాన్ కొట్టి వదిలేయండి, లింగ్‌శాట్‌లో లేని తాత్కాలిక సిగ్నళ్లు కూడా అప్పుడప్పుడు తగులుతాయి. దొరికిన ప్రతిదానికీ తేదీ, ట్రాన్స్‌పాండరు, క్వాలిటీ, గొట్టం మీది గుర్తు ఒక నోటుపుస్తకంలో రాయండి.

ప్రతిసారీ డిష్ తిప్పకుండా ఒకే డిష్‌తో 93.5, 83 రెండూ చూడవచ్చు. బలహీనంగా వచ్చేదానికి డిష్‌ను నేరుగా గురిపెట్టి, రెండోదానికి పక్కన మరో ఎల్‌ఎన్‌బీ బిగించండి. హైదరాబాద్ నుంచి ఈ రెండింటి మధ్య కోణం దాదాపు 12 డిగ్రీలు. పైన లెక్కవేసిన డిష్‌లో రెండు ఎల్‌ఎన్‌బీల మధ్య దూరాన్ని 15 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి, బయటికి కొంచెం కొంచెం జరుపుతూ వెతకాలి. పక్కదానికి బలం తగ్గుతుంది, అందుకే ఎనిమిదడుగుల డిష్ ఉంటే మేలు. డిష్ అద్దం కాబట్టి అన్నీ తారుమారు. తూర్పున ఉన్న ఉపగ్రహానికి ఎల్‌ఎన్‌బీ పడమర వైపు రావాలి. 66, 68.5 జంటకు మాత్రం ఇది కుదరదు, వాటికి కావాల్సిన దూరం ఎల్‌ఎన్‌బీ మూతి వెడల్పు కంటే తక్కువ. రెండు తీగలనూ డైసెక్ స్విచ్చికి (బాక్సు అడిగిన ఎల్‌ఎన్‌బీని కలిపే చిన్న పరికరం) కలిపి, బాక్సులో ఒక ఉపగ్రహానికి ఒకటో పోర్టు, మరోదానికి రెండో పోర్టు ఇవ్వండి. స్విచ్చిని ఎండావానా తగలని చోట, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో మూతులు కిందికి ఉండేలా బిగించండి.